నేలరేగు పరుపు

జూన్, మొదటి సోమవారం

ఓడ ఈ ఏడు కూడా రాలేదు. ముందు అది రాస్తున్నాను. పరుపు సంగతి తర్వాత.

ఈ పుస్తకంలో పరుపు సంగతి తప్ప మరేదీ రాయకూడదని మీ నేల కచేరీ వారి నియమం. ఆ నియమం నాకు తెలుసు. ఇన్నాళ్లూ నా భార్య పైడమ్మ రాసేది, నేను పక్కన కూర్చుని చెప్పేవాణ్ణి. ఓడ మాట వచ్చినప్పుడల్లా కలం ఆపి నా ముఖంలోకి చూసేది. రాయమంటే రాసేది. మీరు కొట్టేసేవారు. మొన్న చీకటి కాలంలో, పొద్దు పొడవని ఆ నెలల్లో, ఆమె పోయింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, అయినా ఇంకొకరి చేత రాయించను. సూరాడ దానయ్య రాస్తున్నాడు, ఈసారి కొట్టేసే ముందు చదవండి.

మమ్మల్ని గుల్లపేట నుంచి ఈ ఉత్తరపు అడవికి తెచ్చినప్పుడు మా కూతురు గంగాలు చంకలో పిల్ల. ఇప్పుడు దాని తలలో తెల్ల వెంట్రుకలు. ఎక్కించేటప్పుడు మీవాడొకడు ఓడ మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేలా మాట ఇచ్చాడు. అక్కడ నేల తవ్వకూడదు, పోయినవాళ్లను కొలిమిలో దహనం చేస్తాం, ఏడాదికోసారి బూడిద కుండలన్నీ తీసుకెళ్లి మీ సముద్రంలోనే కలిపి వస్తాం, అన్నాడు. ఆ మాట నమ్మి మా అమ్మ ఓడ ఎక్కింది. ఆమె కుండ ఇప్పటికీ కుండల కొట్టులో పై అర మీద ఉంది. గుల్లపేట మునిగిపోయింది, ఇప్పుడది సముద్రంలోనే ఉంది. కాబట్టి సముద్రంలో కలిపితే మావాళ్లు ఇంటికి చేరినట్టే. ఆ మాత్రం పని మీవల్ల కాలేదు.

పైడమ్మ కుండ కొట్టుకు ఇవ్వలేదు. ఇంట్లోనే, గంగమ్మ పటం కింద పెట్టుకున్నాను. ఓడ వచ్చిన రోజు నా చేతులతో నేనే ఎక్కిస్తాను.

ఇక పరుపు, నేలంతా పరుచుకున్న ఈ నేలరేగు మొక్క సంగతి. మంచు కరిగింది. ఆకు ఎప్పటిలాగే బయటపడింది, పచ్చగా, నూనె రాసినట్టు. ఎన్ని నెలలు మంచు కింద పడుకున్నా ఈ మొక్క ఆకు రాల్చదు. దక్షిణపు వాలులో మాత్రం ఒక చేటంత మేర పాలిపోయి ఉంది. చలి కొట్టిందనుకుంటున్నాను.

జూన్, రెండో బుధవారం

పూత వచ్చింది. తెల్లటి చిన్న గంటల్లాగా, తలలు వంచుకుని. ఈ అడవిలో తేనెటీగలు లేవు కాబట్టి ఆ పని మనుషులదే. బాతు ఈకతో ఒక పువ్వు లోపల తిప్పి, ఇంకో పువ్వు లోపల తిప్పాలి. మోకాళ్ల మీద పాకుతూ చేయాలి. ఇంతకు ముందు పైడమ్మ చేసేది, ఇప్పుడు గంగాలు చేస్తోంది. దక్షిణపు వాలు తనే చూసుకుంటానంటుంది, నన్ను ఉత్తరం వైపు తోలేస్తుంది.

పంతులు వచ్చాడు. అది మీరు పంపిన యంత్రానికి మేం పెట్టుకున్న పేరు. మోకాలెత్తు ఉంటాడు, పీతలా ఆరు కాళ్ల మీద నడుస్తాడు, ఒక్క రెమ్మ కూడా నలగదు. నడక సంగతి మెచ్చుకుంటాను. మాట మాత్రం భరించలేం.

"దానయ్య గారూ, మీ పరుపు దక్షిణ భాగమున పత్రములు పసుపు వర్ణము దాల్చినవి. కారణము మీ ఎరుకలో ఉన్నదా?"

నా బావమరిది కోమర ఎల్లాజీ గట్టు మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. పైడమ్మకు సొంత తమ్ముడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"బావా, ఈడికి మాటలు నేర్పినోడెవడో సచ్చి శానా కాలమై ఉంటాది. దయ్యం పట్టిన పెద్దబాలశిచ్చలాగ మాటాడతన్నాడు."

"నా ఎరుకలో లేదు పంతులూ," అన్నాను.

"ఎరుకలోనికి వచ్చిన యెడల తెలియజేయుడు. ఈ పరుపంతయు ఒకటే మొక్క. పైకి వేయి మొక్కలవలె కనబడును గాని క్రింద వేరు ఒక్కటే. ఒక చోట వ్యాధి కలిగిన తక్కిన చోట్లకు ప్రాకవచ్చును."

ఆ సంగతి నాకు తెలుసు. ఈ ఒక్క మొక్క మా తాతల తాతలకంటే ముందు నుంచీ ఇక్కడ పడుకుని ఉంది. అదే ఈ నేలను పట్టి ఉంచుతోంది. దాన్ని చింపితే కింద మంచుగడ్డ కరిగి, నేల తడిసిన అప్పడంలా కూలిపోతుంది. మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది దాన్ని కాయడానికే కదా.

జూన్, ఆఖరి శనివారం

చేటంత మచ్చ తెప్పంత అయింది. ఆకు అంచులు గోధుమ రంగుకు తిరిగాయి.

ఎల్లాజీ వంగి చూశాడు, ఆకు ఒకటి తుంచి నమిలాడు, ఊశాడు.

"బలం నేదు బావా. మనూర్లో కొబ్బరి సెట్టుకి ఇలగ ఆకు పాలిపోతే ఏటి సేసేవోళ్లు? మొదట్లో ఉప్పూ బూడిదా పోసేవోళ్లు కాదా?"

"ఇది కొబ్బరి సెట్టు కాదురా."

"సెట్టు సెట్టే. నువ్వు శానా పెద్ద సదువు సదివినట్టు మాటాడకు."

కచేరీ వారు ఇచ్చినది తప్ప పరుపు మీద చిటికెడు కూడా వేయకూడదని నియమం. కానీ కచేరీ వారు ఏమీ ఇవ్వలేదు, 'పరిశీలనలో ఉన్నది' అని పంతులు చేత రెండుసార్లు చెప్పించారు అంతే. పంతులు పక్క పరుపులకు వెళ్లిన సమయం చూసి, మా పొయ్యిలోని కట్టె బూడిద తట్టతో తెచ్చాను. ఉప్పు వేయలేదు, ఎందుకో మనసొప్పలేదు. గంగాలు చూసింది. నేను చేస్తున్న పనికి వద్దంటుందనుకున్నాను.

"ఎయ్యి అయ్యా," అంది. "మంచిదే. బలం సాలలేదు దానికి."

తట్టెడూ పోశాను. ఈ సంగతి దాచడం లేదు. రాస్తున్నాను.

జూలై, మొదటి ఆదివారం

మాడిపోతోంది.

జూలై, రెండో గురువారం

పంతులు ఒక కాలు మట్టిలో గుచ్చి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా ఎదురుగా వచ్చి ఆగాడు.

"దానయ్య గారూ, ఇచ్చట బూడిద పడినది."

"నేనే పోశాను. అయితే ఏటి?"

"ఈ మొక్క పులుపు నేలను కోరును. బూడిద ఆ పులుపును హరించును. పులుపు లేని నేలలో దీని వేరు ఆహారము గ్రహింపజాలదు. మీరు దీనిని పస్తు ఉంచితిరి."

ఎల్లాజీ పక్కనే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. సలహా చెప్పింది తనే కదా. చేతిలో చుట్ట పారేసి, కాలితో తొక్కి, మళ్లీ వంగి తీసి జేబులో వేసుకున్నాడు. ఇక్కడ నేల మీద ఏమీ పారేయకూడదు మరి.

పులుసు పెట్టుకునే మొక్కకు నేల కూడా పుల్లగానే కావాలని నాకు తోచలేదు. చింతపండు దొరకని ఈ దేశంలో నేలరేగు పళ్లతో పులుసు కాచవచ్చని మొదట కనిపెట్టింది పైడమ్మే. ఉప్పు లేకుండా, నూనె లేకుండా, ఉత్త నీళ్లలో వేసినా ఆ పళ్లు చీకటి కాలమంతా చెడవు. ఊరంతా ఆమె దగ్గరే నేర్చుకుంది.

నేను తప్పు ఒప్పుకునేలోగా పంతులు మళ్లీ అన్నాడు.

"రెండు విధములైన బూడిదలు కనబడుచున్నవి. ఒకటి కట్టెది. అది పైన ఉన్నది. రెండవది ఎముకది. అది క్రిందికి దిగినది. ఎముక బూడిదయే ముందుగా పడినది, మంచు కరుగక ముందే."

నేను ఎల్లాజీ వైపు తిరిగాను. వాడు ఎండు చేపల ముళ్లు కాల్చి తెచ్చి వేశాడని అనుకున్నాను. ఆ మాటే అన్నాను, ఇంకా కొన్ని మాటలు కూడా అన్నాను.

"మా అక్క పరుపు మీద ముల్లు ఏస్తానా బావా నేను?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఇంటికెల్లు. ఇంటికెల్లి కుండ సూడు."

వాడికి ముందే అనుమానం వచ్చిందన్నమాట. నాకు రాలేదు.

అదే రోజు, సాయంత్రం

కుండ మూత గుడ్డ కట్టి ఉంది, ముడి మాత్రం నేను వేసినది కాదు. పోయినవాళ్ల కుండను ఊరికే తాకకూడదని ఇన్ని నెలలూ నేను ఎత్తి చూడలేదు. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి 'ఇంకా రాలేదే, ఓడ' అని చెప్పేవాణ్ణి. ఆ తర్వాతే టీ తాగేవాణ్ణి.

ఎత్తాను. తేలిగ్గా వచ్చేసింది. గుడ్డ విప్పితే అడుగున గోరుకు అంటేంత కూడా లేదు. కడిగి, తుడిచి పెట్టినట్టు ఉంది.

గంగాలు పొయ్యి దగ్గర ఉంది.

"మీ అమ్మేదే?"

గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టింది. ఇటు తిరగలేదు.

"పరుపు కాడ."

"ఎవులు ఎయ్యమన్నారు?"

"అమ్మే సెప్పింది. ఆకరి వారంలో. నువ్వు కుండల కొట్టుకాడ ఎవులితోనో గొడవాడతన్నావు అప్పుడు."

"నాకేల సెప్పలేదే గుంటా?"

అప్పుడు తిరిగింది. నా కూతురికి కోపం వస్తే పైడమ్మ గొంతే వస్తుంది.

"నీకు సెప్తే ఏటంటావు? ఓడంటావు. అయ్యా, అమ్మ తన నోటితో ఎప్పుడన్నా ఓడ మాటందా? నువ్వన్నావు, నువ్వు రాయమంటే రాసింది. నీకు కోపమొస్తాదని ఊరుకుంది. 'గుల్లపేట సంద్రం నాకేటి సుట్టమే, మా అయ్యని మింగింది, మా అన్నని మింగింది, నన్ను కూడా దానికే ఎయ్యమంటాడు మీ అయ్య' అంది. 'నన్ను నేలరేగు కాడ ఎట్టు. బూడిదేస్తే సెట్టుకి బలం. మా మామ్మ కొబ్బరి సెట్టుకేసేది. నలుగురి పులుసులోకి నాలుగు పళ్లవుతాను' అంది."

నేను పీట మీద కూర్చున్నాను.

"ముందు మంచు మీద సల్లినాను. కరిగితే లోనికి దిగిపోద్దని. మిగిలింది ఈక పనికెల్లినప్పుడల్లా గుప్పెడు గుప్పెడు. ఒక్కపాలి ఏసేస్తే ఇంక ఉండదు కదా. ఆకు పాలిపోతంటే బలం సాలలేదనుకుని ఎక్కువేసినాను." గంగాలు నా ముందు నేల మీద కూలబడింది. "ఇందాక పంతులు మాట నానూ ఇన్నాను, గట్టు ఎనకాల ఉన్నాను. అయ్యా, దాన్ని మా అమ్మే సంపేసిందా?"

"మీ అమ్మ దేన్నీ సంపలేదు," అన్నాను. "నా పొయ్యి బూడిద సంపింది. తట్టెడు పోసినాను కదేటి, నువ్వు సూసినావు కదా. గుప్పెళ్లతో సచ్చిపోద్దా అంత మొక్క?"

నమ్మినట్టే తల ఊపింది. లేచి గరిటె తీసుకుంది.

ఏది ముందు పడిందో పంతులు చెప్పాడు, గంగాలు విన్నది. అయినా నేను చెప్పిందే నిజమన్నట్టు ఉంటాం ఇద్దరం. పంతులుకు అబద్ధం చేతకాదు కాబట్టి ఆమె ఎదుట ఆ సంగతి ఎత్తవద్దని మీరే అతనికి చెప్పండి. కచేరీ వారిని ఇన్నేళ్లలో నేను మర్యాదగా అడిగినది ఇదొక్కటే.

ఆగస్టు, మూడో మంగళవారం

చాలా రోజులు రాయలేదు. రాయడానికి ఏముంది. దక్షిణపు వాలు చచ్చింది, కాలితో తాకితే ఆకు పొడి అవుతోంది. ఉత్తరం వైపు పళ్లు ఎర్రబడుతున్నాయి. ఒకే మొక్క, ఒకే వేరు. ఒక పక్క చస్తోంది, ఒక పక్క కాస్తోంది.

పొద్దున్నే లేస్తే ఏం చేయాలో తెలియడం లేదు. కుండ ముందు నిలబడే అలవాటు కాళ్లకు పోలేదు. నిలబడతాను. ఓడ సంగతి చెప్పబోయి ఆగిపోతాను. ఉత్త కుండకు ఏం చెబుతాం. ఆ కుండ నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఆ మాట వినాలని లేదు ఆమెకు. పరుపు దగ్గరకు వెళ్లి నిలబడతాను. అన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. సముద్రమంటే ఆమెకు భయమని, మంట అని, నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే సందు నేను ఇవ్వలేదు.

నేను సముద్రం మీద పుట్టినవాణ్ణి. నాకు అది అమ్మ. ఆమెకూ అంతే అనుకున్నాను. అడగలేదు.

ఎల్లాజీ వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడు ఊరికే నిలబడే మనిషి కాదు.

"అక్క ఇక్కడుందని తెలిసినాక నాకు బాగున్నాది బావా," అన్నాడు. "కొట్టులో అర మీద కన్నా బాగున్నాది."

"సెట్టుని సంపి ఉన్నాదిరా."

"అవును మరి. బతికున్నప్పుడు మాత్రం ఎవుల్ని సుకంగా ఉండనిచ్చింది?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఉండగానే వాడి ముఖం ముడుచుకుపోయింది. నేను అటు తిరిగి చెట్లను చూస్తూ ఉండిపోయాను.

సెప్టెంబరు, మొదటి శుక్రవారం

కచేరీ వారి ఆజ్ఞ వచ్చింది. పంతులు మా గుమ్మంలో నిలబడి చదివాడు. బూడిద పడిన మేర మట్టిని మూర లోతున తవ్వి, కొలిమి వెనుక గోతిలో వేసి, పైన కప్పేస్తారట. వచ్చే శనివారం తవ్వుడు యంత్రం వస్తుందట. మొదటి వానకు ఆ బూడిద వాలు కిందికి జారి మిగతా పరుపును కూడా పట్టుకుంటుందట.

"అందులో మా మనిషుంది," అన్నాను.

"తెలియును. కచేరీ వారు సంతాపము తెలియజేసిరి."

"ఆ సంతాపం వాళ్లనే ఉంచుకోమను. మట్టిలోంచి ఆమెను వేరు చెయ్యగలవా నువ్వు?"

"చేయజాలను. ఆమెయు మట్టియు ఏకమైనవి."

పంతులు ఎప్పుడూ వాడే పుస్తకం మాటలే అవి. కానీ ఆ ఒక్కసారి నాకు మామూలు మాటల్లా వినబడ్డాయి. గంగాలు లోపల వింటోంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"కొలిమి ఎనక గొయ్యి అంటే చెత్తేసే గొయ్యే కదా?" అంది లోపలి నుంచే.

పంతులుకు అబద్ధం చేతకాదు. "అవును," అన్నాడు.

నేను గుమ్మం దిగి అతని ముందు కూర్చున్నాను. యంత్రం కళ్లలోకి చూసి మాట్లాడాలంటే కూర్చోవాలి. తవ్వకుండా మిగతా పరుపును కాపాడే దారి ఏదైనా ఉందా అని అడిగాను. బతిమాలినట్టే అడిగాను, రాస్తున్నాను.

పంతులు చెప్పాడు. ఆ ముక్క చుట్టూ వేళ్లు కోసేసి, పరుపు నుంచి విడదీయవచ్చునట. చుట్టూ జానెడు లోతు గాడి తీసి, వాన నీరు బండల వైపు మళ్లించాలట. కోసిన ముక్క మళ్లీ చిగురించదు, మన జీవితకాలంలో అక్కడ ఏమీ మొలవదు. మిగతాది బతికే అవకాశం ఉంది, పూచీ లేదు. గాడి తీయడమంటే నేల తవ్వడమే, దానికి కచేరీ వారి అనుమతి కావాలి.

"నీ సలహా ఏటి?" అన్నాను.

"మట్టిని తీసివేయుటయే క్షేమము," అన్నాడు. "కాని మీరు దారి ఉన్నదా అని అడిగితిరి. ఉన్నది."

సెప్టెంబరు, రెండో సోమవారం

ఇది నా అర్జీ. పంతులు చేత నోటి మాటగా పంపవచ్చు, కానీ నా చేతి రాతే మీకు చేరాలి.

ఆజ్ఞ ఇచ్చినందుకు మిమ్మల్ని తిట్టడం లేదు. పరుపు పోతే ఈ నేల కూలుతుంది, ఊరు కూలుతుంది, నాకు తెలుసు. తప్పు మా బూడిదది. మా ఊరి కొబ్బరి చెట్టుకు పనికొచ్చినది ఈ నేలకు విషమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఓడ ఇక అడగను. మా అమ్మకు, కొట్టులో ఉన్న మిగతావాళ్లకు మీరిచ్చిన మాట అలాగే ఉంది, దాని సంగతి ఇక మీదట ఎల్లాజీ మీతో తేల్చుకుంటాడు. వాడి నోరు నా నోటికంటే పెద్దది. పైడమ్మ పేరు మీద మాత్రం అడగను. అది ఆమె కోరిక కాదు, నాది.

నేను కోరేది ఆ ముక్క. తెప్పంత మేర, ఏమీ మొలవని నేల. ఆమెను చెత్త గోతిలో వేయకండి. గాడి తీయడానికి అనుమతి ఇవ్వండి. వేళ్లు కోసేది నేనే, గంగాలు, ఎల్లాజీ సాయం వస్తారు. ఒక్కొక్క వేరూ చేత్తో వెతికి కోస్తాం, పంతులు చూస్తూ నిలబడవచ్చు. అన్ని తరాలు ఒక్కటిగా బతికిన మొక్కను కోయడమంటే ఏమిటో నాకు తెలియకపోలేదు. ఈ ఏడాది నాకు అది బాగా తెలిసింది.

నా సంగతి కూడా ఇప్పుడే రాసి పెడుతున్నాను. నేను పోయాక నా బూడిద అక్కడ వేయకూడదు. గంగాలు వేస్తానంది, ఏడ్చింది, అయినా ప్రమాణం చేయించుకున్నాను. ఒక మనిషి బూడిదకే ఆ పరుపు ఇంత మాడిపోయింది. ఇంకో మనిషిని అది మోయలేదు. నన్ను కొట్టులో మా అమ్మ పక్కన పెట్టండి. పైడమ్మ పక్కన వద్దు. ఇంతకంటే నేను దిగి రాలేను, రావడానికి ఇంకేమీ మిగల్లేదు కూడా.

శనివారం మీ యంత్రం వస్తుంది. గురువారం పొద్దు వాలేలోగా నాకు జవాబు కావాలి. పంతులు నోట వద్దు. మీలో ఒక మనిషి, ఎవరైనా సరే, ఇక్కడికి నడిచి వచ్చి, ఆమె ఉన్న చోట నిలబడి, అవునో కాదో చెప్పాలి. గురువారం.